పశువుల పండగ మీద నాలుగు వ్యాసాలు

మొదటి వ్యాసానికి ఇరవై అయిదుకు ఆరు వచ్చాయి. కాగితాలు చేతిలో పడగానే నాకు ఏడుపు రాలేదు. ఎవరినైనా కొట్టాలనిపించింది. ముందు బెంచీ మీద కూర్చున్నవాడి మెడ నాకిప్పటికీ గుర్తుంది. వాడు ఏ పాపమూ ఎరగడు. వాడికి పద్దెనిమిది వచ్చాయి, అంతే.

అప్పుడు నేను తిరుపతిలో బి.ఏ. మొదటి సంవత్సరం. మా చరిత్ర మేడమ్ పరీక్షతో పాటు ఒక పెద్ద వ్యాసం రాయించేవారు. మీ ఊరి ఆచారం ఏదైనా ఒకటి తీసుకుని దాని గురించి రాయమన్నారు. సగం మార్కులు, అంటే పదమూడు, రాకపోతే ఆ పేపరు తప్పినట్టే. పేపరు తప్పితే మా హాస్టల్ నియమం ప్రకారం రెండో సెమిస్టర్‌లో సీటు ఉండదు. మా ఊరు పాకాల దాటి ఇంకా లోపలికి పోవాలి. రోజూ వచ్చిపోయే దారి కాదు. సీటు పోతే చదువు పోయినట్టే. ఒక్క వెసులుబాటు మాత్రం ఉండేది. సెమిస్టర్ ఆఖరి రోజు వరకు ఎన్నిసార్లయినా తిరగరాసి ఇవ్వచ్చు. చివరిసారి వచ్చిన మార్కే నిలుస్తుంది.

ఆరు మార్కులు నన్ను ఎందుకంత కోశాయో చెప్పాలంటే నా గ్రంథాలయం గురించి చెప్పాలి. మా మండలంలో ఒక శాఖా గ్రంథాలయం ఉంది. రెండు గదులు, తొమ్మిది బీరువాలు. నేను ఆరో తరగతి నుంచి ఇంటర్ అయ్యేదాకా ఆ తొమ్మిది బీరువాలూ చదివాను. మాటవరసకు అనడం లేదు. మొదటి బీరువా పై అరలో ఎడమ నుంచి మొదలుపెట్టి, తొమ్మిదో బీరువా కింది అరలో చెదలు తిన్న పంచాంగాల దాకా చదివాను. మా ఇంట్లో నాకు ముందు పుస్తకం పట్టినవాళ్లు లేరు. ఏది మంచి పుస్తకమో చెప్పే మనిషి లేడు, అందుకే అన్నీ చదివాను. నచ్చిన వాక్యాలు పొడుగు నోటు పుస్తకాల్లో ఎక్కించుకునేవాణ్ణి. పదకొండు పుస్తకాలు నిండాయి. వాటిని ఇనప పెట్టెలో పెట్టుకుని తిరుపతికి తెచ్చుకున్నాను. వ్యాసం రాయమంటే పెట్టె తెరిచాను.

నేను ఎంచుకున్నది మా పశువుల పండగ. చలికాలంలో మా వైపు ఊళ్లల్లో జరుగుతుంది. ఎద్దుల కొమ్ములు చెక్కి, రంగులు పూసి, వాటికి చెక్క పలకలు కడతారు. పలకల మీద దేవుళ్ల బొమ్మలు, సినిమా హీరోల బొమ్మలు అతికిస్తారు. ఇరుకు సందులో రెండు వైపులా జనం నిలబడతారు. సందు మొదట్లో ఎద్దును వదిలితే అది కొస దాకా ఉరుకుతుంది. దారిలో పడుచువాళ్లు మీద పడి, కొమ్ములకున్న పలక లాక్కోవాలి. పలక పోగొట్టుకోకుండా కొస చేరిన ఎద్దుది, దాని యజమానిది గెలుపు. దానికో కట్టడి ఉంది. వదిలేటప్పుడు ఎద్దు మీద ఎవరూ చెయ్యి వేయకూడదు. తాడు విప్పి పక్కకు తప్పుకోవాలి. అది తనకు తానే పరిగెత్తాలి.

మొదటి వ్యాసంలో నేను వేల ఏళ్ల నాటి మట్టి ముద్రల మీది ఎద్దులతో మొదలుపెట్టాను. మధ్యలో మూడు రాజవంశాలు, రెండు దేశాల పురాణాలు వచ్చాయి. వీరత్వం మానవ జాతి ఊపిరి అని ముగించాను. ఎనిమిది పేజీలు. మేడమ్ ఎర్ర ఇంకుతో అంచుల్లో ఒకే ప్రశ్న రాశారు. నీకెట్లా తెలుసు? పద్నాలుగు చోట్ల రాశారు. నేను లెక్కపెట్టుకున్నాను. చివర ఇంకో వాక్యం ఉంది. ఇందులో ఎద్దు లేదు.

ఎట్లా తెలుసేమిటి, చదివాను కాబట్టి తెలుసు. ఆమె చదవని పుస్తకాలు నేను చదివాననే నమ్మకంతో రెండో వ్యాసం రాశాను. నోటు పుస్తకాల నుంచి ఇంకో పన్నెండు వాక్యాలు కూరాను. పదకొండు పేజీలైంది. అయిదు మార్కులు వచ్చాయి.

ఆ కాగితాలు గదిలో నా దిండు కింద పెట్టాను. నా గదిలోనే ఉండేవాడొకడు, సత్యవేడు వైపు నుంచి వచ్చినవాడు, అవి తీసుకుని మధ్యాహ్నం భోజనాల హాలుకు వచ్చాడు. తిరుపతిలో ఉన్నవాళ్ల చెవుల్లో రైల్వే స్టేషన్ మైకు ఎప్పుడూ మోగుతూ ఉంటుంది. వాడు బల్ల మీదికెక్కి, గ్లాసు నోటికి అడ్డం పెట్టుకుని, అచ్చం ఆ గొంతుతో నా వ్యాసం చదివాడు. ప్రయాణికులకు విజ్ఞప్తి, వీరత్వం మానవ జాతి ఊపిరి, మరికొద్ది నిమిషాల్లో రెండవ నంబరు ప్లాట్‌ఫారం మీదికి వచ్చును. హాలంతా నవ్వింది. వడ్డించే ఆయన కూడా గరిటె పట్టుకుని నవ్వాడు. బల్ల దిగి వాడు నా ముందుకొచ్చి కాగితాలు చాచాడు.

"కోపమా మచ్చా? అయిదు మార్కులకు ఇంత పౌరుషం తాంగదు."

తాంగదు అంటే వాళ్ల వైపు మాటలో తట్టుకోలేదని. నా చేతిలో సాంబారు అన్నంతో ఉన్న స్టీలు కంచం ఉంది. దాన్ని అంచుతో వాడి నుదుటికేసి కొట్టాను. రెండోసారి కొట్టినప్పుడు కంచం వంగింది. వాడు కింద పడ్డాక కూడా మోకాలితో ఛాతీ మీద నొక్కి కొట్టాను. నెత్తురు, సాంబారు కలిసి వాడి కళ్లల్లోకి కారడం చూస్తూనే ఉన్నాను, చెయ్యి ఆగలేదు. నలుగురు లాగితే లేచాను. నా పిడికిట్లో వాడి వెంట్రుకలు ఉన్నాయి.

వాడికి మూడు కుట్లు పడ్డాయి. కంచం జారి తగిలిందని వాడే వార్డెన్‌తో చెప్పాడు. వార్డెన్ నమ్మలేదు. నాయనకు ఫోన్ చేశాడు.

నాయన మరుసటి రోజు పొద్దున్నే వచ్చాడు. గేటు దగ్గర చెప్పు తీశాడు. ఏమీ అడగలేదు. ముఖం మీద, చెవి మీద, వీపు మీద, వరసగా. నేను కింద కూర్చుండిపోతే కాలితో తన్నాడు. కింది పెదవి పళ్లకు తెగి నోరంతా ఉప్పగా అయింది. టిఫిన్ చేసి వస్తున్న పిల్లలు నిలబడి చూశారు. వార్డెనే వచ్చి నాయన చేతులు పట్టుకున్నాడు.

"ఊరి పుస్తకాలన్నీ సదివి ఈడికొచ్చింది, మందిని కొట్టేదానికా?" అన్నాడు నాయన, రొప్పుతూ. ఈ ఏడు తప్పితే గేదెల వెనక పోదువు గానీ రా అని, చెప్పు వేసుకుని బస్సుకు వెళ్లిపోయాడు. మా ఇంట్లో నాయన దెబ్బ కొత్త కాదు. కుండ పగిలినా, ఆవు తాడు తెంపుకున్నా, పుస్తకం పట్టుకుని పిలుపు వినకపోయినా దెబ్బలే. ఒక్క విషయానికి మాత్రం నన్ను ఎప్పుడూ కొట్టలేదు. ఎందుకు కొట్టలేదో నాకప్పటికి తెలియదు.

ఆ వారం మేడమ్ గదికి వెళ్లాను. ఉబ్బిన పెదవి చూశారు. అయిదు మార్కుల కాగితాలు బల్ల మీద పరిచి, ఒక్కో వాక్యం పైకి చదవమన్నారు. చదివాక, ఇది నీకు చెప్పింది ఎవరు అంటారు. పుస్తకం పేరు, అందులో ఆ మాట ఎందుకన్నారో చెప్పగలిగితే ఉంచుతారు. నేను చూసింది అయితే ఉంచుతారు. లేకపోతే ఎర్ర గీత. నా నోటు పుస్తకాల్లో వాక్యాలే ఉన్నాయి. ఎవరు రాశారో చాలావాటికి ఎక్కించుకోలేదు. ఆ చెడ్డ అలవాటుకు అంత పెద్ద దెబ్బ పడుతుందని అనుకోలేదు. గంటన్నర పట్టింది. ప్రతి గీతా నా వీపు మీద పడ్డట్టే ఉంది. పదకొండు పేజీల్లో మూడు వాక్యాలు మిగిలాయి.

మూడోది ఇది. వదిలేటప్పుడు ఎద్దు మీద ఎవరూ చెయ్యి వేయకూడదు.

"ఇది నీకెట్లా తెలుసు?"

నేను అక్కడ నిలబడి చూశానన్నాను.

"సరే. ఎవరూ ఎప్పుడూ వేయలేదా?"

ఆమె కాసేపు నా ముఖం చూసి, కాగితాలు మడిచి ఇచ్చారు. పండగలో దెబ్బ తిన్నవాళ్లెవరైనా మీ ఊళ్లో ఉంటే వాళ్ల నోట విని రాయమన్నారు.

ఉన్నాడు. మా ఇంటి పక్కనే ఉన్నాడు. మా చిన్నాయన.

నేను పదో తరగతికి వచ్చేసరికి మా ఎద్దు వరసగా రెండేళ్లు పలక పోగొట్టుకోకుండా గెలిచింది. మూడో ఏడు దాన్ని వదిలే చోట, సందు మొదట్లో, నాయన పక్కన నేనున్నాను. కొస దగ్గర చిన్నాయన ఉంటాడు. మా ఎద్దును అందుకునేది ఎప్పుడూ ఆయనే. మిగతా ఎద్దుల వాళ్లు అడ్డు కట్టిన కొయ్యల వెనక నిలబడి తాడు విసురుతారు. చిన్నాయన మాత్రం సందు మధ్యలో, ఒట్టి చేతులతో, నోటితో చిన్న కూత పెడుతూ నిలబడేవాడు. దూడప్పటి నుంచి సాకినవాడు. అది ఆయన ముందు ఆగి, తల వంచి మెడ గోకించుకునేది. ఆ ఏడు మాత్రం ఆగలేదు. కుడి తొడలో కొమ్ము దిగింది. ఆయన్ని ఎత్తి గోడకు కొట్టింది. తొడ ఎముక రెండు ముక్కలైంది. ఇప్పటికీ కర్ర లేకుండా నడవలేడు.

ఆదివారం ఊరికి వెళ్లాను. చిన్నాయన వాకిట్లో మంచం మీద కూర్చుని శెనక్కాయలు వలుస్తున్నాడు. చిన్నమ్మ నాకు మజ్జిగ ఇచ్చి పొలానికి వెళ్లింది. నోటు పుస్తకం తీసి వచ్చిన పని చెప్పాను. ఆయన నవ్వాడు. నా కాలు మీద నీకు మార్కులు వేస్తారా అని అడిగాడు. తర్వాత చెప్పడం మొదలుపెట్టాడు. ఎద్దు సందు తిరిగినప్పుడే దాని కళ్లు వేరే ఉన్నాయన్నాడు. కూత విన్లేదన్నాడు. కొమ్ము దిగినప్పుడు నొప్పి తెలియలేదు, వేడి నీళ్లు పోసినట్టు అనిపించిందన్నాడు. గోడకు తల తగిలిన చప్పుడు వేరెవరిదో అనుకున్నాడట. నేను తల ఎత్తకుండా రాసుకుంటున్నాను.

"నన్ను తొక్కి దాటుకోని పోయేటప్పుడు దాని తోక చూసినా," అన్నాడు. "కొస ఇరిగి యాలాడతా ఉండింది. పండ్ల గాట్లు. ఎద్దు తోకను ఎద్దే కొరుక్కోదు కదబ్బా."

నా పెన్ను ఆగింది.

"ఆ పొద్దు నీ నోట్లో నెత్తురు యాడిదని మీ యమ్మ అడిగిందంట కదా, ఏం చెప్పినావు?"

"పన్ను ఊగిందని చెప్పినా, చిన్నాయనా."

కర్ర ఎప్పుడు ఎత్తాడో చూడలేదు. మోకాలి కింద ఎముక మీద పడింది. నేను మంచం మీద నుంచి దొర్లి కింద పడ్డాను. రెండోది భుజం మీద, మూడోది మళ్లీ అదే ఎముక మీద. శెనక్కాయల చేట తిరగబడింది. కూర్చున్న చోటు నుంచే కొడుతున్నాడు. లేవలేడు కాబట్టి ఆ మూడూ తగిలేటంత దూరంలోనే నేను ఉండిపోయాను. జరగలేదు. తర్వాత ఆయన కర్ర పక్కన పెట్టి రొప్పాడు.

"రాసుకో," అన్నాడు. "ఇది కూడా రాసుకో."

అవును, నేనే. నాయన తాడు విప్పి పక్కకు తప్పుకున్నాక, జనం చూపంతా కొమ్ముల మీదికి పోయాక, వెనక నుంచి తోక పట్టి మెలితిప్పాను. ఎముక విరిగే దాకా తిప్పాను. చాలదనిపించి కొరికాను. నాయన చెప్పలేదు, ఎవరూ చెప్పలేదు. మూడో ఏడు కూడా మా ఎద్దే గెలవాలని. గెలిచింది కూడా. పలక కొమ్ముల మీదే ఉంది, చిన్నాయన నెత్తురుతో.

మూడో వ్యాసం అయిదు పేజీలు రాశాను. ముద్రలు, రాజవంశాలు లేవు. చిన్నాయన చెప్పింది చెప్పినట్టు పెట్టాను. కానీ తోక దగ్గరికి వచ్చేసరికి నా చెయ్యి వెనక్కి పోయింది. ఎవరో ఒకరు కట్టడి తప్పి తోక విరిచారని రాశాను. మేడమ్ పదకొండు వేశారు. రెండు మార్కులు తక్కువ. అంచులో రెండు ప్రశ్నలున్నాయి. ఎవరో అంటే ఎవరు? ఎద్దు తర్వాత ఏమైంది?

ఆఖరి రోజుకు ఇంకా వారం ఉంది. మొదటి ప్రశ్నకు జవాబు నా దగ్గర ఉంది. రెండోదానికి లేదు. సంతలో అమ్మేశానని నాయన ఊరందరికీ చెప్పాడు. నేనూ నమ్మాను. ఏ సంత, ఎవరికి అని ఎప్పుడూ అడగలేదు. నీకెట్లా తెలుసు అని మేడమ్ అడిగితే, నాయన చెప్పాడని రాయాలి. అంతకంటే ఏమీ లేదు.

శనివారం మళ్లీ బస్సెక్కాను. నాయన సాయంకాలం పాలు పితుకుతున్నాడు. నేను కొట్టం గుంజ పక్కన నిలబడి, తోక కొరికింది నేనే అని ముందు చెప్పాను. పాలు చెంబులో పడే చప్పుడు ఆగలేదు.

"తెలుసు," అన్నాడు.

ఆ ఎద్దును ఎవరికి అమ్మావని అడిగాను. నాయన చెంబు పక్కన పెట్టి లేచాడు. చెయ్యి పైకి లేచింది. నేను అలవాటుగా తల మీద చేతులు పెట్టుకుని కుంగిపోయాను. దెబ్బ పడలేదు. చేతుల సందు నుంచి చూస్తే, ఆయన గుంజకు ఆనుకుని నిలబడి ఉన్నాడు.

ఆ రోజు చిన్నాయనను ఆసుపత్రిలో వదిలి వచ్చాక గడ్డపార తీసుకున్నాడట. కట్టేసి ఉన్న ఎద్దు నుదుటి మీద కొట్టాడు. ఒక కొమ్ము మొదలంటా విరిగింది. అది తలకాయ విదిలించలేదట, ఇంటి మనిషే కదా అని నిలబడింది. ముందు కాలు మీద కొట్టాడు, మోకాళ్ల మీదికి వచ్చింది. డొక్కలో కొట్టాడు. చెయ్యి అలిసేదాకా కొట్టి, పేడ, నెత్తురు కడగడానికి వెనక వైపుకు వెళ్లినప్పుడు తోక చూశాడు. ఆ పళ్లు ఎవరివో ఆయనకు చెప్పనక్కరలేకపోయింది. తెల్లారకముందే అరవ దేశం వైపు పోయే లారీ పిలిపించి, కుంటుతున్న దాన్ని తోసి ఎక్కించాడు. ఊళ్లో ఎవరైనా తోక చూస్తే నా పేరు బయటికి వస్తుందని.

"అది ఏమీ చెయ్యలే రా," అన్నాడు నాయన. "దాన్ని నేను ఊరికే కొట్టినా."

పాలు నురగ తగ్గి చెంబులో నిశ్చలంగా ఉన్నాయి. చెంబు చేతిలోకి తీసుకుని, ఇవన్నీ రాస్తావా అని అడిగాడు. మేడమ్ ఒక్కరే చదువుతారన్నాను.

"రాయి. మన ఊరోళ్లకు మాత్రం సదివి సెప్పొద్దు."

నాలుగో వ్యాసం మూడు రోజుల్లో రాశాను. తోక మెలితిప్పినప్పుడు ఎముక ఎట్లా పలికిందో రాయడానికి ఒక రోజంతా పట్టింది. గడ్డపార గురించి రాస్తూ నా కుడి చెయ్యి వైపు చూశాను. అది నాయన చెయ్యి పోలికే. కంచం పట్టుకున్నదీ అదే చెయ్యి. ఆ మాట కూడా రాద్దామనుకుని, మేడమ్ అడగని విషయమని ఆగిపోయాను. కట్టడి గురించిన వాక్యం కింద, ఇది ఎట్లా తప్పుతారో, తప్పినవాడికి ఆ క్షణంలో ఎట్లా ఉంటుందో రాశాను. బాగుంటుంది. అది కూడా రాశాను. పళ్ల మధ్య ఎద్దు తోక ఉన్నప్పుడు నాకు భయం లేదు, జాలి లేదు, చాలా బాగుంది.

ఆఖరి రోజు మేడమ్ చేతికి ఇచ్చాను. ఆమె నా ముందే చదివారు. ఒకచోట కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు, మళ్లీ పెట్టుకున్నారు. ఒక పేజీకి ఎర్ర గీత పెట్టారు. చివర పదిహేడు వేసి సంతకం చేశారు. సీటు నిలిచింది.

బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుని నాయనకు ఫోన్ చేశాను. ఎంత వచ్చిందని అడిగాడు. ఇరవై అయిదుకు పదిహేడు అన్నాను. సీటు ఉన్నట్టేనా అన్నాడు. ఉన్నట్టే అన్నాను. వెనక ఆవు మెడ గంట చప్పుడు వినిపించింది.

"అంతా చెప్పినాం కదా," అన్నాడు. "ఆ ఎనిమిది ఎందుకు పట్టుకున్నారంటా?"

మట్టి ముద్రల మీది ఎద్దుల గురించి ఒక పేజీ మళ్లీ చేర్చానని, అది నేను చూసింది కాదని మేడమ్ గీత పెట్టారని చెప్పాను. చూడకపోయినా చదివాను, రాసిన మనిషి ఎవరో ఈసారి వెతికి పట్టుకుని కింద రాశాను, అయినా గీత పెట్టారు, అది అన్యాయం అన్నాను. ఆ మాట ఇప్పటికీ అంటాను. ఆ పేజీ బాగుంది.

అట్లయితే పోయి అడుగు అన్నాడు నాయన. గట్టిగా అడుగు, చెయ్యి మాత్రం లేపొద్దు అన్నాడు.

నేను లేచి, చొక్కా సర్దుకుని, మళ్లీ మెట్లెక్కాను.